కాలు పోయిన నీటి పురుగు నడకను బోదె గట్టున పరిశీలించే పద్ధతి

సార్వా నాట్లు ముగిసి పంట బోదెల్లో నీటి వేగం తగ్గిన రోజుల్లో గట్టు మీద పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే, పొడవాటి కాళ్ళు చాచుకుని ఒక్క తోపుతో జానెడు దూరం జారిపోయే పురుగులు (ఇంగ్లీషులో వాటర్ స్ట్రైడర్లు) నీటి మీద గుంపుగా కనిపిస్తాయి. ఆ గుంపులో ఒకటి తోసిన ప్రతిసారీ ఒకే పక్కకు తిరిగిపోతూ, నిలిచి సర్దుకుని, మళ్ళీ తోయగానే మళ్ళీ అటే తిరుగుతూ ఉంటే దాని కాళ్ళు లెక్కపెట్టండి. చేప నోటినుంచో కప్ప నాలుకనుంచో తప్పించుకున్నప్పుడు కాలు పోగొట్టుకున్న పురుగై ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి పురుగు కదలికను ఒక ఫోను, ఒక తెల్లటి టబ్బు, బడిపిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని సాయంతో ఎలా పరిశీలించాలో, ఏ కాలు పోతే ఏ మార్పు కోసం వెతకాలో ఇక్కడ వివరిస్తాను. బాగున్న పురుగు కాలు తీసివేసి చూడవలసిన పని ఇందులో ఎక్కడా లేదు. ఓపిక ఉన్నవారికి కాలు పోయిన పురుగు బోదెలోనే దొరుకుతుంది, ఓపిక లేనివారికి కాలు తీసినా కొలత కుదరదు.

పని మొదలుపెట్టే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. ఆరు కాళ్ళలో ఒకటి పోతే పురుగు మునిగిపోతుందేమో అని చాలామంది అనుకుంటారు. 2004లో గావ్, జియాంగ్ అనే చైనా పరిశోధకులు కొలిచి చూపినదాని ప్రకారం ఈ పురుగు ఒక్క కాలు నీటి పైపొరను చీల్చకుండా మోయగల బరువు దాని మొత్తం శరీరం బరువుకు సుమారు 15 రెట్లు. కాలి నిండా కంటికి కనిపించనంత సన్నటి రోమాలు దట్టంగా ఉంటాయి. ఒక్కొక్క రోమం మీద ఇంకా సన్నని గాడులు ఉంటాయి. వాటి మధ్య చిక్కుకున్న గాలి వల్ల కాలు తడవదు, నీటి పైపొర కాలి కింద పరుపులా లోపలికి నొక్కుకుంటుందే తప్ప చిరగదు. పది మిల్లీగ్రాముల పురుగుకు ఇది అవసరానికి మించిన బలం. అందువల్ల కాలు పోయిన పురుగుకు తేలడం సమస్య కాదు, తిన్నగా పోవడమే సమస్య. మీరు కొలవవలసినది కూడా అది ఎంతసేపు తేలింది అన్నది కాదు, ఎటు తిరిగింది, ఎంత తిరిగింది, ఆ తిరుగుడును దేనితో సరిదిద్దుకుంది అన్నవే.

ఏ పురుగు, ఎక్కడ, ఎప్పుడు

గోదావరి డెల్టా నీళ్ళ మీద నడిచే పురుగులన్నీ ఒకే తీరున నడవవు. మనకు కావలసినది సెంటీమీటరుకు అటూ ఇటూగా శరీరం ఉండి, నడిమి కాళ్ళను తెడ్లలా రెండు పక్కలా ఒకేసారి వేసే రకం. వరిచేలలో, బోదెల్లో కనిపించే లిమ్నోగోనస్ అనే పురుగు ఆ రకానిదే. వరి దుబ్బుల మధ్య నువ్వుగింజ కన్నా చిన్నవిగా పరుగులు పెట్టే మైక్రోవేలియా పురుగులు వేరు. నీళ్ళలో పడిన సుడిదోమ పిల్లలను తినే ఆ చిన్నవి రైతుకు మేలు చేసేవే గాని, వాటి నడక నేల మీద నడిచే పురుగుల నడకకు దగ్గరగా ఉంటుంది కనుక వాటి సంగతి చివర చెబుతాను. గడ్డిపుల్లలా సన్నగా ఉండి ఒడ్డు వార నెమ్మదిగా అడుగులు వేసే హైడ్రోమెట్రా ఇంకొకటి. ఇక రేవు దగ్గర నీటిలో సగం మునిగి గిరగిర తిరిగే నల్లటి పెంకు పురుగులను చూసి కాళ్ళు పోయినవని భ్రమపడకూడదు; ఆరు కాళ్ళూ బాగున్నా వాటి తీరే అంత.

స్థలం విషయంలో మన ప్రాంతం వారికి దిగులు లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గౌతమి, వసిష్ఠ పాయల రెండు వైపులా అల్లుకున్న కాలువలు, వాటి నుంచి చీలిన పిల్లకాలువలు, బోదెలు, మురుగు కాలువలు ఉన్నంతమేరా నెమ్మదిగా కదిలే నీరు ఉంటుంది. పెద్ద కాలువ నడుమ వెతకడం వృథా. తూము దిగువన నీరు వెనక్కు తిరిగే మూల, కొబ్బరిచెట్ల నీడ పడే బోదె మలుపు, గుర్రపుడెక్క తీసివేసిన ఊరచెరువు రేవు, ఇవి మంచి చోట్లు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊరచెరువులను ఆశ్రయించాలి. కాలువలు వదిలాక రెక్కలున్న పురుగులు ఎగిరి కొత్త నీటికి చేరుకుంటాయి. మందు కొట్టిన చేను పక్కన ఆ వారమంతా వెతకకండి: పురుగులు ఉండవు, ఉన్నా వాటి నడక మందు వల్ల మారిందో కాలు పోవడం వల్ల మారిందో తేల్చలేరు. రొయ్యల చెరువుల్లోకి అసలే దిగవద్దు. చేను ఎవరిదైతే వారికి ముందుగా ఒక మాట చెప్పడం మర్యాద, పైగా గట్టు మీద నీరుకట్టు పాములు ఏ మూల ఉంటాయో మీకన్నా వారికే బాగా తెలుసు. పిల్లలు ఈ పని చేస్తుంటే పెద్దవారు ఒకరు పక్కనే ఉండాలి.

పొద్దున ఎనిమిది నుంచి పది గంటల మధ్య సమయం అన్ని విధాలా అనుకూలం. ఆ వేళకు గాలి ఇంకా లేవదు. పది మిల్లీగ్రాముల పురుగును చిన్న గాలి తెర కూడా పక్కకు నెట్టేస్తుంది, ఆ పక్కకు పోవడాన్ని మీరు కాలు లోపంగా రాసుకునే ప్రమాదం ఉంది.

కాళ్ళు లెక్కపెట్టడం

తేలిక పనిలా కనిపిస్తుంది గాని, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. నేను మొదటిసారి రేవు మెట్ల మీద కూర్చుని చూసినప్పుడు, కనిపించిన పురుగులన్నిటికీ నాలుగేసి కాళ్ళే ఉన్నాయని, ఈ చెరువులో చేపలు మహా క్రూరమైనవని పుస్తకంలో రాసుకున్నాను. అసలు సంగతి ఏమంటే, దీని ముందు కాళ్ళు రెండూ పొట్టివి. తల కింద ముందుకు మడిచి పెట్టుకుంటుంది. వాటితోనే నీటి అలల కదలికను పసిగట్టి, పడిన చీమనో దోమనో పట్టుకుంటుంది. పైనుంచి చూసేవారికి పొడుగాటి నాలుగే కనిపిస్తాయి. ఆరూ కనిపించాలంటే పురుగును చూడకూడదు, దాని నీడను చూడాలి.

ఎండ పడే చోట, అడుగు కనిపించేంత తేట నీటిలో, నాలుగైదు సెంటీమీటర్ల లోతున నేల మీద ఈ నీడలు స్పష్టంగా పడతాయి. కాలు నొక్కిన చోట నీటి పైపొర గుంట పడుతుంది. ఆ గుంట వెలుగును పక్కలకు విరిచివేస్తుంది. అందువల్ల అడుగున కాలి నీడకు బదులు దాని కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన నల్లటి బిళ్ళ, దాని చుట్టూ మెరిసే అంచు కనిపిస్తాయి. నడిమి కాళ్ళకు రెండు, వెనుక కాళ్ళకు రెండు పెద్ద బిళ్ళలు, తల దగ్గర రెండు చిన్న బిళ్ళలు ఉంటే ఆరు కాళ్ళూ నీటి మీద ఉన్నట్టు. ఒక బిళ్ళ లేకపోతే వెంటనే కాలు పోయిందని తీర్మానించకండి. ఈ పురుగులు తరచుగా ఒక కాలు ఎత్తి మరొక కాలితో రుద్ది శుభ్రం చేసుకుంటాయి కనుక కనీసం ఒక నిమిషం ఆగి చూడాలి. రెండు పురుగులు ఒకదాని మీద ఒకటి ఉన్న జంటను వదిలేయండి. ఆ లెక్క ఎవరికీ తేలదు.

ఈ బిళ్ళలు లెక్కకే కాదు, తూకానికి కూడా పనికివస్తాయి. కాలు మోసే బరువు పెరిగే కొద్దీ గుంట పెరుగుతుంది, గుంటతో పాటు బిళ్ళ పెరుగుతుంది. గుంటలో నుంచి పక్కకు తొలగిన నీటి బరువే ఆ కాలు మోస్తున్న బరువు. పడవకు వర్తించే ఆర్కిమెడీస్ సూత్రమే ఇక్కడ తలతన్యతతో, అంటే నీటి పైపొర బిగువుతో కలిసి పనిచేస్తుంది. కాబట్టి ఒక కాలు పోయిన పురుగులో ఆ బరువు ఏ కాలి మీదకు మారిందో తెలుసుకోవడానికి తక్కెడ అక్కరలేదు. బిళ్ళల సైజులు పోల్చి చూస్తే చాలు.

ఇంకొక సూక్ష్మం ఉంది. కాలు మొత్తం పోకుండా సగంలో విరిగిన పురుగులు కూడా దొరుకుతాయి. విరిగిన కొనకు తడవని రోమాల రక్షణ ఉండదు. ఆ కొన నీటిని తాకి తడిస్తే నీరు దాని చుట్టూ కిందికి కుంగకుండా పైకి ఎగబాకుతుంది, అప్పుడు అడుగున నల్ల బిళ్ళకు బదులు వెలుగు చుక్క పడుతుంది. నల్ల బిళ్ళ అంటే మోస్తున్న కాలు. వెలుగు చుక్క అంటే నీటికి అంటుకుని లాగుతున్న కాలు. ఈ రెండో రకం పురుగును మొత్తం కాలు పోయిన వాటితో కలపకుండా వేరే పేజీలో రాసుకోండి.

టబ్బు, నీరు, సబ్బు

చేతిలోకి తీసుకోకుండా బోదెలోనే చూడగలిగితే అంతకన్నా మంచిది లేదు. కాని కోణాలు కొలవాలంటే గంటసేపు టబ్బులో ఉంచక తప్పదు. మూరెడు వెడల్పు ఉన్న తెల్లటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. అడుగున సెంటీమీటరు గళ్ళ గ్రాఫు కాగితాన్ని లామినేషన్ చేయించి పరవండి. ఆ బోదె నీటినే పలుచటి గుడ్డలో వడగట్టి నాలుగు సెంటీమీటర్ల లోతు పోయండి. పురుగును టీ వడపోసే జల్లెడతో కింద నుంచి నీటితో సహా ఎత్తాలి. కాలు పట్టుకుని ఎత్తితే మీరే మరొక కాలు తీసినవారవుతారు. కొన్నిటికి రెక్కలుంటాయి కనుక పైన దోమతెర ముక్క కప్పండి. ఒక టబ్బులో ఒక పురుగునే ఉంచండి, ఎందుకంటే ఇవి ఒకదానినొకటి తినడానికి వెనుకాడవు, లోపమున్నదే ముందుగా బలి అవుతుంది.

నీటి శుభ్రత గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వంటింట్లో తోమిన స్టీలు బేసినులో ఆరు కాళ్ళూ సలక్షణంగా ఉన్న పురుగును వదిలి, అది నా కళ్ళ ముందే కుంగిపోవడం చూశాను. బేసినుకు మిగిలిన సబ్బు జిడ్డే కారణం. 20 డిగ్రీల వద్ద మంచినీటి తలతన్యత మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు, 30 డిగ్రీల వద్ద 71.2. అంటే మన ఎండల వల్ల తగ్గేది లెక్కలోకి రాదు. సబ్బు కలిస్తే మాత్రం అది సగానికన్నా కిందికి పడిపోగలదు, అదే సబ్బు కాలి రోమాలను కూడా తడిపేస్తుంది. కొత్త టబ్బును వేడినీటితో నాలుగైదుసార్లు కడిగి, సబ్బు తగలని గుడ్డతో తుడవండి. కొబ్బరినూనె రాసుకున్న తలను తడిమిన చేతిని నీటిలో ముంచకండి. కోనసీమలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసిందే. పరీక్ష ఒకటుంది: ఆరిన గుండుసూదిని చిన్న టిష్యూ కాగితం ముక్క మీద పెట్టి నీటి మీద వదలండి, కాగితం తడిసి మునిగాక సూది ఒంటరిగా తేలుతూ ఉండాలి. సూది మునిగితే, ముందు మరొక్కసారి మెల్లగా వదిలి చూడండి. మళ్ళీ మునిగితే ఆ నీటిని పారబోయండి. నీటి కదలిక కనిపించాలని పాలు, రంగు, పసుపు వంటివి చల్లకండి, అవి కూడా పైపొరను చెడగొట్టేవే.

చిత్రీకరణ

ఈ పురుగు ఒక తోపును సెకనులో నూరో వంతు కాలంలో ముగించగలదు. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే ఉంటాయి కనుక తోపు మొత్తం రెండు ఫ్రేముల సందులో జారిపోతుంది. ఫోనులో స్లో మోషన్ పెట్టి సెకనుకు 240 ఫ్రేములు ఎంచుకుంటే ఒక్కొక్క తోపు రెండు మూడు ఫ్రేములకు దొరుకుతుంది, జారే దశ అయితే ఎన్నో ఫ్రేములకు విస్తరిస్తుంది. ఫోనును రెండు కుర్చీల మధ్య వేసిన బద్దకు కట్టి, టబ్బుకు సరిగ్గా నిట్టనిలువుగా, చూపు గళ్ళ కాగితం నడిమధ్య పడేలా పెట్టండి. ఫోను వాలి ఉంటే కోణాలు వంకరపోతాయి. ముందు కెమెరాతో తీయకండి, కొన్ని ఫోన్లలో అది కుడి ఎడమలను తారుమారు చేస్తుంది, ఈ పరిశీలన అంతా కుడి ఎడమల మీదే నడుస్తుంది. ప్రతి వీడియో మొదట్లో టబ్బు కుడి అంచున ఒక చింతగింజ పెట్టి చూపే అలవాటు చేసుకుంటే తరువాత సందేహం రాదు.

మొదట బాగున్న పురుగును, దాదాపు అదే సైజుదాన్ని, అదే నీటిలో తీయాలి. ఇది లేకుండా కాలు పోయినదాని గురించి ఏమి రాసినా పోల్చడానికి ఆధారం ఉండదు. బాగున్న పురుగు ఎప్పుడూ తిన్నగానే పోతుందనుకోకండి. అది తిరగదలచుకున్నప్పుడు ఒక నడిమి కాలిని గట్టిగా, రెండోదాన్ని మెల్లగా వేస్తుంది, లేదా ఒక్కదాన్నే వేస్తుంది. అందువల్ల ఒక్క తోపును చూసి బాగున్నదానికీ లోపమున్నదానికీ తేడా చెప్పలేం. తేడా వరుసలో ఉంటుంది: బాగున్నది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది, కాలు పోయినది ఒకే పక్కకు తిరుగుతుంది. కనీసం పది తోపులు కావాలని అందుకే అంటున్నాను. దానంతట అది నీటి మీద కదిలేటప్పటి తోపులను, టబ్బు అంచున వేలితో తట్టినప్పుడు భయపడి వేసే తోపులను వేరువేరుగా ఉంచండి. రెండో రకంలో పురుగు సర్దుకునే ప్రయత్నం చేయదు, ఉన్న బలమంతా పెట్టి తోసేస్తుంది. లోపం ముసుగు లేకుండా కనబడేది అక్కడే.

ఏ కాలు పోతే ఏమి చూడాలి

కాలు నీటిని ఎలా తోస్తుందో తెలియకుండా ఈ భాగం అర్థం కాదు. నీటి పురుగు అలలను పుట్టించి, ఆ అలల ఎదురుదెబ్బతో ముందుకు పోతుందని ఒకప్పుడు భావించేవారు. కాని అల పుట్టాలంటే కాలు సెకనుకు కనీసం 23 సెంటీమీటర్ల వేగంతో కదలాలి. పురుగు పిల్లల కాళ్ళకు ఆ వేగం లేదని లెక్క తేలింది, అయినా అవి హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. డెన్నీ అనే శాస్త్రవేత్త పేరుతో పిలిచే ఈ చిక్కుముడిని 2003లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన హూ, చాన్, బుష్ విప్పారు. ప్రతి తోపు వెనుక నీటి పైపొర కింద చిన్న సుడులు వెనక్కు పోతున్నాయని, పురుగును ముందుకు నెట్టే బలంలో ముఖ్యభాగం వాటి నుంచే వస్తోందని వారు చూపారు. అంటే ఇది అచ్చంగా తెడ్డు వేయడమే. కాలు తెడ్డు కర్ర అయితే, కాలి కింద పడిన గుంటే తెడ్డు రేకు. కాలిని ఎంత నొక్కితే రేకు అంత వెడల్పవుతుంది, మితిమీరి నొక్కితే మాత్రం పైపొర చిరిగి కాలు నీళ్ళలో దిగిపోతుంది.

ఇప్పుడు ఎడమ నడిమి కాలు పోయిన పురుగును తలుచుకోండి. లంకకు పోయే చిన్న పడవలో కుడి తెడ్డు ఒక్కటే వేస్తే పడవ ఎడమకు తిరిగినట్టే, పురుగు కాలు పోయిన పక్కకే తిరగాలి. తోపు బలాన్ని, ఆ తోపు శరీరం మధ్య గీతకు ఎంత దూరంలో పడిందన్న దూరంతో గుణిస్తే తిప్పే బలం వస్తుంది; నడిమి కాళ్ళు బారున చాచి ఉంటాయి కనుక ఆ దూరం ఎక్కువ, తిరుగుడూ ఎక్కువే. భయపడి వేసిన తోపులలో దీన్ని కొలవండి. నిదానంగా కదిలేటప్పుడు మాత్రం సర్దుబాట్ల కోసం చూడండి. మొదటిది, మిగిలిన నడిమి కాలిని శరీరానికి దగ్గరగా తెచ్చి వేయడం. ఇందులో బలమూ తగ్గుతుంది, తిరుగుడూ తగ్గుతుంది. రెండోది, తెడ్డు మిగిలిన పక్కనే ఉన్న వెనుక కాలిని నీటిలో నొక్కి ఈడ్వడం. కుడి పక్కన ఈడిస్తే శరీరం కుడికి మళ్ళుతుంది, ఎడమ తిరుగుడు కొంత విరుగుతుంది, అంటే ఆ కాలు చుక్కానిలా పనిచేస్తోందన్న మాట. మూడోది, కాలు పోయిన పక్క వెనుక కాలితోనే వెనక్కు తన్నడం. వెనుక కాళ్ళు మామూలుగా మోయడానికీ దిక్కు నిలపడానికీ వాడేవి కనుక ఇది అలవాటు లేని పని, అయినా ఫ్రేము ఫ్రేముగా వెతకండి. నాలుగోది తోపును చిన్నది చేసి, తోపుల సంఖ్యను పెంచడం. మీ పురుగు వీటిలో ఏది చేసిందో రాయండి, ఏమీ చేయకపోతే ఆ మాటే రాయండి.

నిలబడి ఉన్నప్పుడు కూడా ఈ పురుగును చూడాలి. ఎడమ పక్క పెద్ద ఆధారం పోయింది కనుక ఎడమ వెనుక కాలిని కొద్దిగా ముందుకు జరిపి పెడుతుందా, ఎడమ ముందు కాలి చిన్న బిళ్ళ ఎదిగిందా, శరీరం ఎడమకు వాలిందా అన్నవి నీడల్లో చదవాలి. ముక్కాలిపీట పడిపోకుండా ఉండాలంటే బరువు మూడు కాళ్ళ మధ్యన పడాలన్న సూత్రమే ఇది. అయిదు కాళ్ళున్నా, అవి ఎక్కడ పెట్టి ఉన్నాయన్నదే ముఖ్యం.

వెనుక కాలు పోయిన పురుగు ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది. తోపు తిన్నగానే పడుతుంది, ఎందుకంటే తెడ్లు రెండూ ఉన్నాయి. ఇబ్బంది తోపు తరువాత వస్తుంది. నడిమి కాళ్ళను గాలిలోకి ఎత్తి తిరిగి ముందుకు తెచ్చుకునే వేళ శరీరం ముందు, వెనుక కాళ్ళ మీదే ఆనుతుంది. అప్పుడు నాలుగు ఆధారాలకు బదులు మూడే ఉంటాయి. కాలు లేని మూల కుంగి పొట్ట నీటిని తాకితే ఆ పక్క రాపిడి పెరిగి అటు తిరుగుతుంది. తాకకపోతే రెండో పక్క ఒంటరి వెనుక కాలు లాగే రాపిడి వల్ల ఇటు తిరుగుతుంది. ఒకే పురుగు రెండు పక్కలా తిరగడం కనిపిస్తే కంగారు పడకుండా తోపు కోణాన్ని, జారుడు కోణాన్ని వేరువేరుగా కొలవండి. నడిమి కాలు పోయినప్పుడు తిరుగుడు తోపులో ఉంటుంది, వెనుక కాలు పోయినప్పుడు జారుడులో ఉంటుంది. నన్ను అడిగితే ఈ పరిశీలనలో తేల్చవలసిన మొదటి సంగతి ఇదే.

ముందు కాలు పోయినదానికి దారి అంతగా చెడదు. తల కాస్త కుంగవచ్చు. చచ్చిన దోమను దాని ముందు వేసి, పట్టుకుని నిలపగలుగుతోందో లేదో చూడండి. దాని కష్టం నడకలో కన్నా తిండిలో తెలుస్తుంది.

కొలత

వీడియోను లాప్‌టాప్ తెర మీద ఆపి, తెరపై పారదర్శకపు షీటు అంటించి, తల కొన, తోక కొన రెండింటినీ తోపుకు ముందు ఒకసారి, తోపు ముగిశాక ఒకసారి, జారుడు ఆగాక ఒకసారి చుక్కలు పెట్టండి. తల, తోక చుక్కలను కలిపిన గీతల మధ్య కోణమే తిరుగుడు. కాలు పోయిన పక్కకు తిరిగితే కూడిక గుర్తు, రెండో పక్కకు అయితే తీసివేత గుర్తు వేయండి. అప్పుడు కుడి కాలు పోయినవాటినీ ఎడమ కాలు పోయినవాటినీ ఒకే పట్టికలో కలపవచ్చు. బాగున్న పురుగుకు ఏదో ఒక పక్కను ముందుగానే అనుకుని ఇదే లెక్క వేస్తే, పది తోపుల మొత్తం సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే ఫోను వాలి ఉందో, గాలి వీచిందో, పురుగుకే మీరు చూడని లోపం ఉందో వెతకాలి.

దారి వంకరను చెప్పడానికి మరొక అంకె ఉంది. పది తోపులలో పురుగు నిజంగా పోయిన దారి పొడవు దారం పరిచి కొలవండి. మొదటి చుక్క నుంచి చివరి చుక్కకు తిన్నటి దూరం స్కేలుతో కొలవండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. దారి 42 సెంటీమీటర్లు, తిన్నటి దూరం 30 సెంటీమీటర్లు అయితే 0.71 వస్తుంది, పూర్తిగా తిన్నటి దారికి 1 వస్తుంది. టబ్బు గోడను తాకి మళ్ళిన తోపులను ఈ లెక్కలో చేర్చకూడదు.

టబ్బు లేకుండా బోదెలోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పారే నీటిలో ఈ పురుగులు ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కొట్టుకుపోకుండా ఉన్నచోటే ఉండడానికి అదేపనిగా తెడ్డు వేస్తాయి. గట్టున రెండు కొబ్బరి ఈనెలు మీటరు దూరంలో గుచ్చి, ఎండు గడ్డిపరక వదిలి, అది ఆ దూరం ఎన్ని సెకన్లలో దాటిందో చూస్తే నీటి వేగం తెలుస్తుంది. తరువాత ఒక నిమిషంలో బాగున్న పురుగు ఎన్ని తోపులు వేసిందో, కాలు పోయినది ఎన్ని వేసిందో, నిమిషం ముగిసేసరికి ఏది ఎంత దిగువకు జారిందో చూడండి. ప్రతి తోపుకూ ప్రవాహానికి అడ్డం తిరిగి మళ్ళీ సర్దుకోవలసిన పురుగుకు అక్కడ నిలవడం ఎంత ఖరీదైన పనో ఈ లెక్క చెబుతుంది.

ముందు వాయిదా వేసిన మైక్రోవేలియా సంగతి. అది తెడ్డు వేయదు, నడుస్తుంది: ఒక పక్క ముందు, వెనుక కాళ్ళు, రెండో పక్క నడిమి కాలు కలిపి మూడు ఒక అడుగు, మిగిలిన మూడు ఇంకొక అడుగు. ఇలా మూడేసి కాళ్ళతో నడిచే పురుగులలో కాలు పోతే అడుగుల వరుసే మారిపోతుంది. 1957లో జి. ఎం. హ్యూస్ బొద్దింకల మీద చేసిన ప్రయోగాల్లో నడిమి కాళ్ళు రెండూ తీసేసినప్పుడు, అంతకుముందు కలిసి కదిలే ఒకే పక్క ముందు, వెనుక కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి కదలసాగాయి. నాలుగు కాళ్ళ జంతువులా మూలమూలలుగా నడక కుదిరింది. నడిచే పురుగు వరుస మార్చుకుని సర్దుకుంటుంది, తెడ్డు వేసే పురుగుకు అంత వెసులుబాటు లేదు. మైక్రోవేలియాను చూడాలనుకుంటే ఫోనుకు చిన్న భూతద్దం బిగించక తప్పదు, దాని కోసం పెట్టే ఓపిక కూడా రెట్టింపు కావాలి.

పురుగును గంటకు మించి ఉంచకండి. పెద్ద పురుగుకు ఇక కుబుసం విడవడం లేదు కనుక పోయిన కాలు తిరిగి రాదు. ఉన్న అయిదింటితోనే అది బతకాలి. ఎక్కడ పట్టారో అక్కడే, నీరు నిలకడగా ఉన్న వార, టబ్బు అంచును బోదె నీటికి ఆనించి వంచితే తనంతట తానే బయటకు పోతుంది. అలా పోయేటప్పుడు మొదటి మూడు తోపులు ఎటు తిరిగాయో చూసి పుస్తకంలో రాసుకోండి. గోడలు లేని నీటిలో, మీ ఫోను లేని చోట అది వేసిన తోపులు అవి. టబ్బులో కొలిచిన కోణాలతో ఒకసారి పోల్చి చూస్తే, టబ్బు మిమ్మల్ని ఎంతవరకు తప్పుదారి పట్టించిందో తెలుస్తుంది.